బిడ్డను మధ్యన నిలబెట్టి: అశ్లీలత నియంత్రణ చరిత్ర సంఘానికి నేర్పే పాఠాలు

ఉపోద్ఘాతం

"అయ్యగారూ, మావాడి ఫోనులో చూడకూడనివి కనబడ్డాయి. ఏం చేయమంటారు?" ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్ళిపోయాక ఒక తల్లి గొంతు తగ్గించి అడిగే ఈ ప్రశ్న ఇప్పుడు పట్టణ సంఘాలకే పరిమితం కాలేదు. 2020లో బడులు మూతపడి పాఠాలు ఫోనులోకి వచ్చిన తరువాత పల్లె సంఘాల కాపరులకు కూడా ఇది పరిచయమైన ప్రశ్నే. మనలో చాలామంది ఇచ్చే జవాబు రెండు మాటల్లో ముగుస్తుంది: ఫోను తీసేసుకోండి, ప్రార్థన చేయండి. ఆ రెండూ అవసరం లేదని మేము అనడం లేదు. అయితే ఆ కుర్రవాడితో ఎవరు మాట్లాడాలి? ఆ దృశ్యాలు అతని చేతికి ఎలా వచ్చాయి? ఆ దృశ్యాలలో ఉన్న మనిషి ఎవరు? మన జవాబులో ఈ ప్రశ్నలకు చోటు లేదు.

వస్తువును తీసేస్తే బిడ్డ క్షేమంగా ఉంటాడనే ఆలోచన మనతో మొదలైనది కాదు. దానికి నూట యాభై సంవత్సరాలకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో చట్టాలు, న్యాయస్థానాలు, క్రైస్తవ సంస్థలు రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతూ వచ్చాయి. మొదటిది: "ఈ వస్తువు మలినమైనదా?" రెండవది: "దీనివలన గాయపడినది ఎవరు?" మొదటి ప్రశ్న ఒక్కటే అడిగిన ప్రతిసారీ వస్తువులు పట్టుబడ్డాయి గాని బిడ్డలు కనుమరుగయ్యారని, రెండవ ప్రశ్న అడిగినప్పుడే నిజమైన కాపుదల మొదలైందని ఈ వ్యాసంలో చూపదలచాము. ఇంటర్నెట్ కాలంలో పిల్లలను, కుటుంబాలను కాపాడవలసిన కాపరులకు ఈ తేడా చాలా ముఖ్యం.

1. హిక్లిన్ తీర్పు: ఒక మతపరమైన కరపత్రంతో మొదలైన కొలత

అశ్లీలతను కొలవడానికి ఆంగ్ల న్యాయశాస్త్రం వాడిన ప్రసిద్ధమైన కొలత 1868 నాటి హిక్లిన్ తీర్పులో పుట్టింది. ఆ వ్యాజ్యానికి కారణమైన పుస్తకం బూతు నవల కాదు. రోమన్ కాథలిక్ పాపసంకీర్తన పద్ధతిని ఎండగట్టడానికి ప్రొటెస్టెంట్లు అచ్చువేసిన కరపత్రం అది. వుల్వర్‌హాంప్టన్‌కు చెందిన హెన్రీ స్కాట్ అనే లోహ వ్యాపారి దానిని లాభం చూసుకోకుండా అమ్మేవాడు. 1857 నాటి చట్టం కింద అతని ప్రతులను స్వాధీనం చేసుకున్నారు. అతని ఉద్దేశం మంచిదేనని హిక్లిన్ అనే న్యాయాధికారి అతనికి అనుకూలంగా తీర్పు చెప్పగా, పై న్యాయస్థానం దానిని కొట్టివేసింది. చెడు ప్రభావానికి లోనుకాగల మనసుల చేతికి ఆ రచన చిక్కితే వారిని చెడగొట్టే స్వభావం దానిలో ఉన్నదా లేదా అన్నదే చూడాలని ప్రధాన న్యాయమూర్తి కాక్‌బర్న్ నిర్ణయించారు.

ఈ కొలతలో బిడ్డ ఉన్నట్టే కనిపిస్తుంది. బలహీనమైన మనసులంటే పిల్లలే కదా అనిపిస్తుంది. కాని గమనించి చూస్తే అక్కడున్నది ఊహలోని పాఠకుడు మాత్రమే. ఏ బిడ్డ చదివాడు, ఏ బిడ్డకు ఏమైంది అని న్యాయస్థానం అడగనవసరం లేదు. పుస్తకాన్ని బల్లమీద పెట్టి చూస్తే చాలు. ఈ కొలత భారతదేశానికీ వచ్చింది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 292వ సెక్షనును మన న్యాయస్థానాలు ఈ కొలతతోనే చదివాయి. 1964లో రంజిత్ ఉదేశీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు కూడా దీనినే ఆధారం చేసుకొని డి.హెచ్. లారెన్స్ నవల అమ్మిన పుస్తక వ్యాపారి శిక్షను ఖాయపరచింది. 2014లో అవీక్ సర్కార్ వ్యాజ్యంలో గాని సుప్రీంకోర్టు ఈ కొలతను విడిచిపెట్టలేదు.

2. కామ్‌స్టాక్: టన్నులలో లెక్కించిన పవిత్రత

అమెరికాలో ఈ మార్గానికి ప్రతినిధి ఆంథొనీ కామ్‌స్టాక్. అంతర్యుద్ధంలో సైనికుడిగా పనిచేసి న్యూయార్కు చేరిన ఈ భక్తుడికి అక్కడి వై.ఎం.సి.ఎ. పెద్దలు అండగా నిలిచారు. అతని కృషి ఫలితంగా 1873 మార్చి 3న అశ్లీల సామగ్రిని తపాలాలో పంపడాన్ని నిషేధించే చట్టం వచ్చింది. తపాలాశాఖ ప్రత్యేక అధికారి హోదాలో అతడు నలభై సంవత్సరాలకు పైగా, 1915లో చనిపోయేవరకు, ఆ చట్టాన్ని అమలు చేశాడు. 1883లో పిల్లలకు పొంచివున్న ఉచ్చుల గురించి ఒక పుస్తకం కూడా రాశాడు.

కామ్‌స్టాక్ చిత్తశుద్ధిని మేము శంకించడం లేదు. ఆ రోజుల్లో బడిపిల్లలకు తపాలాలో నిజంగానే చెడు సాహిత్యం చేరేది. కాని అతడు తన సేవను ఎలా లెక్కించుకున్నాడో చూడండి. నూట అరవై టన్నుల అశ్లీల సామగ్రిని నాశనం చేశానని, తాను శిక్ష వేయించినవారితో అరవై ఒక్క పెట్టెల రైలు దాదాపు నిండిపోతుందని చెప్పుకొనేవాడు. ఎంతమంది పిల్లలను కాపాడాడో తెలిపే లెక్క అందులో లేదు.

వస్తువునే చూసే చట్టం మందునూ విషాన్నీ వేరుచేయలేకపోయింది. గర్భనిరోధానికి సంబంధించిన సమాచారాన్ని కూడా ఆ చట్టం అశ్లీలతతో కలిపి నిషేధించింది. ఆ భాగాన్ని అమెరికా కాంగ్రెసు తొలగించినది 1971లో. 1913లో మార్గరెట్ సాంగర్ ఆడపిల్లలు తెలుసుకోవలసిన విషయాలపై పత్రికలో రాస్తున్న వ్యాసమాలలో సుఖవ్యాధుల గురించిన భాగాన్ని తపాలా అధికారులు అడ్డుకున్నారు. ఆడపిల్లను కాపాడతామన్న చట్టం ఆమె తనను తాను కాపాడుకోవడానికి అవసరమైన జ్ఞానాన్ని ఆమెకు అందకుండా చేసింది. మన ఇళ్ళలోనూ, సండేస్కూళ్ళలోనూ శరీరాన్ని గురించిన ప్రతి మాటనూ "ఛీ, తప్పు" అని నోరు మూయించడం ఇదే పొరపాటు.

3. లండన్ 1885: ప్రశ్న మారినప్పుడు

అదే కాలంలో ఇంగ్లండులో వేరొక మార్గం కనబడుతుంది. అక్కడ బాలికల సమ్మతి వయసు అప్పటికి 13 సంవత్సరాలు. దానిని పెంచే బిల్లు పార్లమెంటులో పదేపదే వెనుకబడుతూ వచ్చింది. జోసఫిన్ బట్లర్, సాల్వేషన్ ఆర్మీకి చెందిన బ్రామ్‌వెల్ బూత్, పత్రికా సంపాదకుడు డబ్ల్యూ.టి. స్టెడ్ కలిసి ఈ విషయాన్ని ప్రజల ముందు పెట్టారు. 1885 జూలైలో స్టెడ్ తన పాల్‌మాల్ గెజెట్ పత్రికలో లండన్‌లో బాలికల క్రయవిక్రయాలను వివరిస్తూ వరుస వ్యాసాలు ప్రచురించాడు. దేశం అట్టుడికింది. ఆగస్టులోనే సమ్మతి వయసును 16కు పెంచుతూ చట్టం వచ్చింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. వస్తువును మాత్రమే చూసేవారికి స్టెడ్ వ్యాసాలే అశ్లీలంగా కనబడ్డాయి. ఒక పెద్ద పుస్తక విక్రయ సంస్థ ఆ సంచికలను తన దుకాణాలలో అమ్మడానికి నిరాకరించింది. మాటల మర్యాదను చూసినవారు బిడ్డల దుర్గతిని చూడలేకపోయారు.

అయితే స్టెడ్‌ను నిర్దోషిగా నిలబెట్టడం కూడా చరిత్రకు న్యాయం కాదు. బాలికను కొనడం ఎంత సులువో నిరూపించడానికి అతడు ఎలైజా ఆర్మ్‌స్ట్రాంగ్ అనే 13 ఏళ్ళ పిల్లను, తండ్రి అనుమతి లేకుండా, ఒక మధ్యవర్తి ద్వారా తెప్పించాడు. ఆ పిల్లకు ఏం జరుగుతున్నదో ఎవరూ చెప్పలేదు. దానికి అతడు మూడు నెలల జైలుశిక్ష అనుభవించాడు. బ్రామ్‌వెల్ బూత్ నిర్దోషిగా విడుదలయ్యాడు. బిడ్డలకోసం పోరాడేవారు కూడా ఒక బిడ్డను సాధనంగా వాడుకోగలరన్న హెచ్చరిక ఇది. ఈనాడు బాధితురాలి కథను, ఫొటోను సాక్ష్యం పేరుతో వేదికమీదికి తెచ్చే సేవాసంస్థలు దీనిని గుర్తుంచుకోవాలి.

4. మద్రాసు 1911: పుస్తకం పట్టుబడింది, బాలికలు మిగిలిపోయారు

మన తెలుగు చరిత్రలో ఇందుకు సరిపోలే ఉదాహరణ ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనము. 18వ శతాబ్దపు తంజావూరులో ప్రతాపసింహుని ఆస్థానంలో వెలసిన ఈ శృంగార కావ్యాన్ని, పూర్వ ముద్రణలో విడిచిపెట్టిన పద్యాలు చేర్చి, బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించారు. 1910లో వావిళ్ళవారు ప్రచురించారు. కందుకూరి వీరేశలింగం వంటి సంస్కర్తకు సైతం ఆ కావ్యం జుగుప్సాకరంగా తోచింది. పురుషుల రచనలకు పట్టించని మర్యాద స్త్రీ రచనకే ఎందుకని నాగరత్నమ్మ ప్రశ్నించారు. 1911లో ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకొంది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో గాని ఆ నిషేధం తొలగలేదు.

ఆ కావ్యాన్ని పిల్లల చేతికి ఇవ్వవచ్చునా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. అది పెద్దల సాహిత్యమే. మా పరిశీలన వేరు. పుస్తకం వెలువడిన ఏడాదికే ప్రభుత్వం దానిపైకి కదిలింది. కాని అదే మద్రాసు రాష్ట్రంలో చిన్న బాలికలను దేవాలయాలకు అంకితం చేసే ఆచారాన్ని నేరుగా నిషేధించే చట్టం 1947లో గాని రాలేదు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1927లో శాసనమండలిలో ఆ విషయం లేవనెత్తిన తరువాత కూడా ఇరవై ఏళ్ళు పట్టింది. దేవదాసీ కుటుంబాలలోనే ఆ చట్టంపై భిన్నాభిప్రాయాలు ఉండేవన్నది నిజం. అయినా కాగితాన్ని పట్టుకోవడానికి చూపిన చురుకుదనం బాలికల విషయంలో ఎందుకు కనబడలేదని చరిత్ర మనలను అడుగుతూనే ఉంటుంది.

5. ఇంటర్నెట్ వచ్చాక: భయమూ, లెక్కలూ

1995 ఆగస్టు 15న భారతదేశంలో విదేశ సంచార నిగమ్ సామాన్యులకు ఇంటర్నెట్ సేవలు ప్రారంభించింది. అంతకు సుమారు ఆరు వారాల ముందు అమెరికాలో టైమ్ పత్రిక కంప్యూటరులో అశ్లీలత గురించి ముఖచిత్ర కథనం ప్రచురించింది. ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి పరిశోధన ఆధారంగా, యూజ్‌నెట్ చర్చా బృందాలలోని చిత్రాలలో 83.5 శాతం అశ్లీలమైనవేనని అది చెప్పింది. ఆ అంకె అమెరికా సెనేట్‌లోనూ వినిపించింది. కొన్ని వారాలలోనే నిపుణులు ఆ పరిశోధన పద్ధతి లోపభూయిష్ఠమని తేల్చారు. ఇంటర్నెట్‌లోని ఒక చిన్న మూలను చూసి మొత్తానికి వర్తించేలా చెప్పడం జరిగింది. టైమ్ పత్రిక కూడా తరువాత ఆ లోపాలను గురించి రాయవలసి వచ్చింది.

అయినా భయం ఆగలేదు. 1996 ఫిబ్రవరి 8న కమ్యూనికేషన్స్ డీసెన్సీ చట్టం వచ్చింది. 1997 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు అందులోని ముఖ్యమైన నిబంధనలను కొట్టివేసింది. పిల్లల రక్షణ ముఖ్యమే గాని, విశాలమైన అస్పష్టమైన మాటలతో రాసిన చట్టం ఆరోగ్య సమాచారాన్ని కూడా ఆపగలదని న్యాయస్థానం భావించింది. దాదాపు ముప్పై సంవత్సరాల తరువాత, 2025 జూన్ 27న, అశ్లీల వెబ్‌సైట్లు చూసేవారి వయసును నిర్ధారించాలన్న టెక్సాస్ చట్టాన్ని అదే న్యాయస్థానం సమర్థించింది. 2025 జూలై 25 నుండి బ్రిటన్‌లోనూ అలాంటి వయసు తనిఖీ తప్పనిసరి అయింది. ఈసారి చట్టాలు వస్తువును పెద్దలకు నిషేధించలేదు. బిడ్డకూ దానికీ మధ్య ఒక తలుపు పెట్టాలని వ్యాపారులను ఆదేశించాయి.

ఈ మార్పులో మేలు ఉంది. కాని తలుపు ఎంత గట్టిదైనా వాట్సాప్‌లో స్నేహితుడు పంపిన వీడియోకు అది అడ్డుకాదు. ఆ పని ఇంటిలో జరగాలి.

6. భారతదేశం: సెక్షను 67 నుండి 2024 తీర్పు వరకు

మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చింది. దానిలోని 67వ సెక్షను పాత 292 భాషలోనే మాట్లాడింది. పిల్లల గురించి ప్రత్యేకంగా ఒక్క మాట లేదు. 2004లో ఢిల్లీలో ఇద్దరు బడిపిల్లల సెల్‌ఫోను దృశ్యం ఒక వేలం వెబ్‌సైటులో అమ్మకానికి వచ్చినప్పుడు ఈ లోటు బయటపడింది. సంస్థ అధిపతి అరెస్టయ్యారు. సంస్థల బాధ్యతపై వాదనలు సంవత్సరాల తరబడి సాగాయి. ఆ బాలికకు జరిగిన హానికి మాత్రం ఆ చట్టంలో పేరు లేదు.

2008 సవరణ ద్వారా, 2009 అక్టోబరు 27 నుండి, పిల్లలను లైంగికంగా చూపే సామగ్రిని తయారుచేయడం, పంచడం, వెదకడం, చూడడం నేరమని చెప్పే 67బి సెక్షను అమలులోకి వచ్చింది. 2012 నవంబరు 14న పోక్సో చట్టం అమలయింది. బిడ్డ చట్టంలో కనబడడం ఇక్కడ మొదలైంది.

మరోవైపు వస్తువును తుడిచివేసే ప్రయత్నాలూ సాగాయి. 2015 జూలై చివరలో ప్రభుత్వం 857 వెబ్‌సైట్లను ఆపమని ఆదేశించి, కొద్ది రోజులలోనే వెనక్కు తగ్గింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం తరువాత 827 సైట్లను నిలిపివేశారు. ఒక చిరునామా మూస్తే మరొక చిరునామా తెరవడం సైట్లు నడిపేవారికి కష్టం కాదు.

అదే 2015లో హైదరాబాదు నుండి ఒక ఉత్తరం వెళ్ళింది. ప్రజ్వల సంస్థ స్థాపకురాలు సునీతా కృష్ణన్, అత్యాచార దృశ్యాలు వాట్సాప్‌లో చేతులు మారుతున్నాయని సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి రాశారు. ఆ ఉత్తరాన్నే న్యాయస్థానం వ్యాజ్యంగా స్వీకరించింది. ప్రజ్వలను 1996లో ఆమెతో కలిసి స్థాపించినది మోంట్‌ఫోర్ట్ సభకు చెందిన బ్రదర్ జోస్ వెట్టికాటిల్ అని మన పాఠకులు గమనించాలి. ఆ ఉత్తరం "ఇవి అశ్లీలమైనవి" అన్న చోట ఆగలేదు. ఈ దృశ్యాలలో ఉన్నది నేరానికి బలి అయిన మనిషి అని చెప్పింది. ఈ వ్యాజ్యం సాగిన క్రమంలోనే 2018లో పిల్లలపై, స్త్రీలపై ఇలాంటి నేరాలను పేరు చెప్పకుండా కూడా తెలియజేయగలిగే జాతీయ సైబర్ నేరాల పోర్టల్ వచ్చింది.

2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు మరొక అడుగు వేసింది. ఇలాంటి సామగ్రిని చూసి దాచుకోవడం మాత్రమే నేరం కాదన్న మద్రాసు హైకోర్టు తీర్పును తోసిపుచ్చింది. పిల్లల విషయంలో "పోర్నోగ్రఫీ" అనే మాటనే విడిచిపెట్టి, పిల్లలపై లైంగిక దోపిడీని, హింసను చూపే సామగ్రి అని అనాలని చెప్పింది. పిల్లలకు తగిన లైంగిక విద్య అవసరాన్ని కూడా నొక్కిచెప్పింది. 1868లో బల్లమీద పుస్తకాన్ని పెట్టి మొదలైన చరిత్ర 2024లో బిడ్డను మధ్యన నిలబెట్టింది.

7. కాపరుల పరిచర్యకు కొన్ని సూచనలు

మొదటిది, మన భాష. ప్రసంగాలలో "అపవిత్రమైన వీడియోలు" అని మాత్రమే చెబితే వినే పిల్లలకు భయం కలుగుతుంది. దానిలో ఉన్న అమ్మాయి కూడా ఎవరో తల్లిదండ్రుల బిడ్డ అని చెబితే కనికరం కలుగుతుంది. భయపడిన పిల్లవాడు ఫోను దాచుకుంటాడు. కనికరం నేర్చుకున్నవాడు దానిని పక్కన పెట్టే అవకాశం ఉంది.

రెండవది, అంకెలు. 1995 నాటి ఆ 83.5 శాతాన్ని మరువవద్దు. వాట్సాప్‌లో వచ్చిన గణాంకాన్ని పరీక్షించకుండా వేదికపైనుండి చెప్పే బోధకుడు సత్యానికి సేవ చేయడం లేదు.

మూడవది, చట్టం. పోక్సో 19వ సెక్షను ప్రకారం ఒక బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతివారూ పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోవడం 21వ సెక్షను కింద శిక్షార్హం. అందులో పాస్టర్లకు మినహాయింపు లేదు. "సంఘం పరువు" అనే మాట చట్టం ముందూ, దేవుని ముందూ నిలువదు. నిరూపణ కోసమని అలాంటి దృశ్యాన్ని పెద్దల గుంపులో పంపడం కూడా నేరమే. దానిని ఎవరికీ పంపకుండా పోలీసులకు గాని, సైబర్ నేరాల పోర్టల్‌కు గాని, 1098 బాలల సహాయవాణికి గాని తెలపాలి.

నాలుగవది, ఇంటిలో మాట. ఫోనుకు నియంత్రణలు పెట్టడం, రాత్రివేళ అందరి ఫోనులూ ఒకేచోట ఉంచడం మంచి పద్ధతులే. ఆ అందరిలో తండ్రి ఫోను కూడా ఉండాలి. అయితే చెడు చూసిన బిడ్డ, లేదా తన ఫొటో ఎవరి చేతిలోనో పడిందని బెదిరింపు ఎదుర్కొంటున్న బిడ్డ, "అమ్మా, ఇలా జరిగింది" అని దెబ్బలు తినకుండా చెప్పగలగాలి. అలా చెప్పే వీలులేని ఇంటిలో నియంత్రణలు ఎన్ని ఉన్నా బిడ్డ ఒంటరివాడే.

ముగింపు

రెండవ సమూయేలు గ్రంథము 13వ అధ్యాయంలో తామారు కథ మనకు తెలిసినదే. గాయపడిన ఆ కుమార్తెను అన్న మౌనంగా ఉండమన్నాడు. తండ్రియైన దావీదు సంగతి విని మిక్కిలి కోపించాడు. ఆ కోపం తరువాత అతడు ఆమెతో మాట్లాడినట్టు గాని, ఆమెకు న్యాయం జరిగించినట్టు గాని గ్రంథం చెప్పదు. కోపం దావీదుకు ఉంది, కామ్‌స్టాక్‌కు ఉంది, మనకూ ఉంది. కోపం ఒక్కటే తామారును కాపాడలేదు. మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు చేసిన పని వేరు. ఆయన ఒక చిన్నబిడ్డను పిలిచి శిష్యుల మధ్యన నిలబెట్టి, ఆ తరువాతే అభ్యంతరాల గురించి బోధించాడు.

కాబట్టి గొంతు తగ్గించి అడిగిన ఆ తల్లికి మన జవాబు ఈ విధంగా ఉండాలని మేము ప్రతిపాదిస్తున్నాము: "అమ్మా, ఫోను సంగతి తరువాత చూద్దాం. ముందు బాబును కొట్టకండి. సాయంత్రం మీ ఆయనా, మీరూ వాడి పక్కన కూర్చోండి. మీరు పిలిస్తే నేనూ వస్తాను. వాడు ఏం చూశాడో, ఎవరు పంపారో, ఎప్పటినుండో, వాడిని ముందు చెప్పనివ్వండి."